పెరటి ప్రాణులే నేస్తాలుగా: ఎం. కృష్ణన్ జీవనరేఖలు

1996 ఫిబ్రవరి 18, ఆదివారం. కలకత్తా నుంచి వెలువడే ద స్టేట్స్‌మన్ పత్రిక ఆదివారం సంచికలో ‘కంట్రీ నోట్‌బుక్’ శీర్షిక ఎప్పటిలాగే అచ్చయింది. 1950లో మొదలై 46 ఏళ్లపాటు సాగిన శీర్షిక అది. దాన్ని అన్నేళ్లూ ఒంటి చేత్తో నడిపిన మాధవయ్య కృష్ణన్ సరిగ్గా అదే రోజున మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 83 ఏళ్లు. పాఠకుల చేతికి ఆయన చివరి వ్యాసం అందిన రోజే ఆయన మరణవార్త కూడా వెలువడింది.

వన్యప్రాణుల ఛాయాగ్రాహకుడిగా, ప్రకృతి రచయితగా, చిత్రకారుడిగా దేశమంతటా పేరు పొందిన కృష్ణన్ జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవారు కాదు. ఛాయాచిత్రకళను ఏ పాఠశాలలోనూ అభ్యసించలేదు. ఏ అటవీశాఖలోనూ ఉద్యోగం చేయలేదు. చూడాలన్న కోరిక, చూసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న పట్టుదల ఆయన పెట్టుబడి. అడవి ఏనుగుల మీద ఆయన తీసిన ఛాయాచిత్రాలు ఎంత ప్రసిద్ధమో, ఇంటి పెరట్లోని కాకి, ఉడుత, తొండ, ముంగిస మీద రాసిన వ్యాసాలూ అంతే ప్రసిద్ధం. 1961లో నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురించిన ఆయన పుస్తకానికి ‘జంగిల్ అండ్ బ్యాక్‌యార్డ్’ అని పేరు. అడవినీ పెరటినీ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిపిన ఆ పేరులోనే ఆయన దృక్పథమంతా ఇమిడి ఉంది.

మైలాపూరులో ఒక చిట్టడవి

కృష్ణన్ 1912 జూన్ 30న తిరునెల్వేలిలో జన్మించారు. ఎనమండుగురు సంతానంలో ఆయనే కడపటివారు. తండ్రి అ. మాధవయ్య తమిళ నవలా సాహిత్యానికి పునాదులు వేసిన తొలితరం రచయితల్లో ఒకరు. ‘పద్మావతి చరిత్రం’ ఆయన రాసిన నవల. ఉప్పు, అబ్కారీ శాఖలో ప్రభుత్వోద్యోగం చేస్తూనే రచనలు సాగించిన మాధవయ్య ముందుగానే పదవీ విరమణ చేసి, కూడబెట్టిన సొమ్ముతో మద్రాసు మైలాపూరులో ఇల్లు కట్టుకున్నారు. స్వగ్రామమైన పెరుంగుళం పేరే ఆ ఇంటికి పెట్టుకున్నారు. అక్కడే అచ్చుయంత్రం నెలకొల్పి ‘పంచామృతం’ అనే తమిళ పత్రికను నడిపారు.

నేటి మైలాపూరును చూసినవారికి ఆనాటి మైలాపూరును ఊహించడం కష్టం. ఆ ఇంటి చుట్టూ తుప్పలు, పొదలతో నిండిన బయలు ఉండేది. నక్కలు తిరిగేవి. కృష్ణజింకలు కనిపించేవి. పక్షులకు లెక్కే లేదు. పిల్లవాడైన కృష్ణన్‌కు ప్రకృతి పాఠాలు చెప్పడానికి ఎవరూ అడవికి తీసుకుపోనక్కరలేకపోయింది. గడప దాటితే చాలు, అడవి అంచు ఎదురయ్యేది. పదకొండేళ్ల వయసులో ఆయన ఒక ముంగిసను పెంచుకున్నారు. పగటిపూట నిలువనీరులా ఒకచోట ఉండక, ప్రతి కన్నంలోనూ మూతి పెట్టి చూసే ఆ చురుకైన జంతువే ఆయనకు తొలి నేస్తం.

1925లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. మద్రాసు విశ్వవిద్యాలయ సెనేట్ సభలో బి.ఎ. విద్యార్థులకు తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని వాదిస్తూ ప్రసంగం ముగించిన మాధవయ్య, ఆ సభామందిరంలోనే కుప్పకూలి ప్రాణాలు విడిచారు. అప్పటికి కృష్ణన్‌కు పదమూడేళ్లు. పెద్దక్క లక్ష్మి ఆయన పెంపకం బాధ్యతను తలకెత్తుకున్నారు. అన్నల్లో ఒకరైన ఎం. అనంతనారాయణన్ ఐ.సి.ఎస్. అధికారిగా ఎదిగి, అనంతరకాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆంగ్లంలో నవల రాసి రచయితగానూ పేరు తెచ్చుకున్నారు. అక్షరం, చదువు, హోదా అన్నీ ఉన్న ఆ కుటుంబంలో కడగొట్టు పిల్లవాడు మాత్రం పెరటి పొదల వైపే చూస్తూ పెరిగాడు.

మార్కులు ఒకచోట, పాఠాలు మరొకచోట

హిందూ హైస్కూలులో చదువు ముగించుకున్న కృష్ణన్ 1927లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడు పి. ఎఫ్. ఫైసన్ ఆయనను ఆకట్టుకున్నారు. నీలగిరి, పళని కొండల శిఖరభాగాల్లోని మొక్కల మీద ప్రామాణిక గ్రంథం వెలువరించిన శాస్త్రవేత్త ఫైసన్. ఆయన వెంట కృష్ణన్ నీలగిరులకూ, కొడైకెనాల్ కొండలకూ క్షేత్ర పర్యటనలకు వెళ్లారు. ఫైసన్ సతీమణి మొక్కల చిత్రాలు గీయడంలో దిట్ట. నీటిరంగులతో చిత్రించే పద్ధతిని ఆమె వద్ద నేర్చుకున్నారు. ఆకు ఎలా చీలుతుంది, రేకులు ఎన్ని, కాడ ఎటు వంగింది అన్నది కాగితం మీద పెట్టాలంటే ముందు కంటితో నిదానంగా చూడాలి. ఆ నిదానమే తరువాత ఆయన కెమెరాకూ కలానికీ అలవాటయింది.

పరీక్షల్లో మాత్రం కృష్ణన్ రాణించలేదు. 1931లో బి.ఎ. పూర్తయింది. ఆపై ఎం.ఎ., 1936లో న్యాయశాస్త్ర పట్టా వచ్చాయి. పట్టాలు మూడు ఉన్నా నిలకడైన ఉద్యోగం దొరకలేదు. ఆర్థిక మాంద్యం నీడ ఇంకా తొలగని రోజులవి. ఒక ముద్రణ సంస్థలో, మద్రాసు చిత్రకళా పాఠశాలలో, ఆకాశవాణిలో కొద్దికొద్ది కాలం పనిచేశారు. చిన్న తమిళ పత్రికలకు వ్యాసాలు రాస్తూ, వాటికి తానే బొమ్మలు, వ్యంగ్యచిత్రాలు గీసేవారు. 1937లో ఇందుమతితో వివాహమైంది. ఇంటి బరువు నెత్తిన పడింది. ఆదాయం మాత్రం అంతంతమాత్రమే.

సండూరు ఏళ్లు

1942లో ఆయన జీవితం మలుపు తిరిగింది. బళ్లారి సమీపంలోని సండూరు సంస్థానాధీశుడు ఉద్యోగం ఇవ్వజూపారు. కొండల నడుమ దాగినట్టుండే చిన్న సంస్థానమది. రాయలసీమ సరిహద్దుకు చేరువలో, కన్నడం, తెలుగు, మరాఠీ మాటలు కలగలిసి వినిపించే ప్రాంతం. నేడు కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో భాగం.

చిన్న సంస్థానంలో ఉద్యోగమంటే ఒకే మనిషి అనేక వేషాలు వేయవలసిందే. కృష్ణన్ అక్కడ పాఠశాల ఉపాధ్యాయుడిగా, న్యాయాధికారిగా, ప్రచార అధికారిగా, ప్రభువుకు రాజకీయ కార్యదర్శిగా పనిచేశారు. ఆ పనులు ఆయనకు బత్తెం ఇచ్చాయి. చుట్టూ ఉన్న రాతి గుట్టలు, ముళ్ల పొదలు, లోయలు విద్య నేర్పాయి. తీరిక దొరికితే చాలు, అడవిలో తిరుగుతూ ఉండేవారు. గొర్రెలను మేపి చూశారు. ఉత్తరాలు చేరవేసే పావురాల టపాను నడపాలన్న ఆలోచనతో పావురాలను పెంచారు. పట్టభద్రుడు, న్యాయశాస్త్రం చదివినవాడు గొర్రెల వెంట నడవడం చూసి లోకులు ఏమనుకుంటారన్న చింత ఆయనకు లేదు. మంద ఎటు కదులుతుంది, ముందు నడిచేది ఏది, బెదిరినప్పుడు ఏది ఎటు పరుగెడుతుంది అన్నది తెలియాలంటే మందతో నడవవలసిందేనని ఆయన అభిప్రాయం.

రాసిన వ్యాసాలు ద హిందూలో ‘జడ్’ అనే ఒంటి అక్షరపు కలం పేరుతో అచ్చయ్యాయి. ఇలస్ట్రేటెడ్ వీక్లీలోనూ వెలువడ్డాయి. కాపరుల గొర్రెలు, ఊరి కుక్కలు, గువ్వలు, గుడ్లగూబలు ఆయన రచనల్లో అడవి పులితో సమానంగా చోటు సంపాదించుకున్నాయి. దేశవాళీ వేట కుక్కల జాతుల మీద ఆయనకు ప్రత్యేకమైన మక్కువ. విదేశీ జాతులను పెంచడం గొప్పగా భావించే కాలంలో మన ఊళ్ల కుక్కల్లోని దారుఢ్యాన్నీ, తెలివినీ గుర్తించి రాసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ సండూరు రాజకుటుంబం నుంచే ఎం. వై. ఘోర్పడే అనంతరకాలంలో నలుపు తెలుపు ఛాయాచిత్రాలతో వన్యప్రాణి ఛాయాగ్రాహకుడిగా ఖ్యాతి గడించడం విశేషం.

జీతం లేని బతుకు

1949లో సండూరు భారత యూనియన్‌లో విలీనమైంది. సంస్థానాల ఉద్యోగులకు ప్రభుత్వ కొలువుల్లోకి మారే అవకాశం ఉండేది. కృష్ణన్ దానిని కాదనుకున్నారు. భార్యతో, కుమారుడితో మద్రాసుకు తిరిగివచ్చి, ఎడ్వర్డ్ ఇలియట్ రోడ్డులోని పాత ఇంటి ఆవరణలో స్థిరపడ్డారు. నేడు డాక్టర్ రాధాకృష్ణన్ సాలైగా పిలిచే రహదారే అది. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం లేదు. కలం, కుంచె, కెమెరా ఈ మూడింటి మీదే ఇల్లు గడవాలి. వన్యప్రాణుల గురించి రాసి బతకడం ఆనాటి దేశంలో ఎవరూ ఊహించని సంగతి. ఆ నిర్ణయం వల్ల ఆయన జీవితాంతం ధనికుడు కాలేకపోయారు. ఎవరి ముందూ మాట మింగవలసిన అవసరం కూడా రాలేదు.

1950లో స్టేట్స్‌మన్‌లో ‘కంట్రీ నోట్‌బుక్’ ఆరంభమైంది. పక్షానికి ఒకసారి వచ్చే చిన్న వ్యాసం. దానికి తోడుగా తాను గీసిన బొమ్మో, తీసిన ఛాయాచిత్రమో ఉండేది. అందులో పాఠకులు పులుల కథలకన్నా ఎక్కువగా తమకు తెలిసిన ప్రాణులనే కలుసుకున్నారు. వేసవిలో గొంతెత్తే కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టే వైనం, నల్లని మగ కోకిలకూ చుక్కల ఆడ కోకిలకూ ఉన్న తేడా, సాయంత్రం గోడ మీద పురుగు కోసం పొంచి ఉండే బల్లి, ప్రహరీ వెంట పరుగెత్తే ఉడుత, చెట్టు తొర్రలో పగలంతా కునికే చిన్న గుడ్లగూబ ఇవన్నీ ఆయనకు వస్తువులే. మన పెరళ్లలో గంభీరంగా కూసే జెముడుకాకి పేరుకే కాకి గాని వంశం రీత్యా కోకిలకు చుట్టం. అయినా తన గూడు తానే కట్టుకుని తన పిల్లలను తానే సాకుతుంది. ఇటువంటి సంగతులు తెలుసుకోవడానికి అడవికి పోనక్కరలేదు, కిటికీ వద్ద ఓపికగా కూర్చుంటే చాలునని ఆయన వ్యాసాలు పాఠకులకు నచ్చజెప్పాయి.

ప్రాణులకు మనుషుల గుణాలు అంటగట్టి కథలల్లడం ఆయనకు గిట్టదు. కాకి జిత్తులమారి, నక్క మోసగత్తె వంటి మాటలను పక్కన పెట్టి, అవి నిజంగా ఏం చేస్తున్నాయో చూసేవారు. తాను కంటితో చూసినదానికీ, ఇతరులు చెప్పగా విన్నదానికీ మధ్య గీత గీసి మరీ రాసేవారు.

అతుకుల కెమెరా

కృష్ణన్ ఛాయాచిత్ర సాధన నిజమైన ఔత్సాహికుడి సాధన. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో మంచి కెమెరా, దూరదృశ్య కటకం, ఫిల్ము ఎక్కువగా విదేశాల నుంచి రావలసినవే. దిగుమతుల మీద ఆంక్షలు. ధరలు సామాన్యుడికి అందనివి. కృష్ణన్ ఆ లోటును తన చేతి నేర్పుతో పూడ్చుకున్నారు. ఒక కంపెనీ కెమెరా పెట్టెకు మరో కంపెనీ దూరదృశ్య కటకాన్ని బిగించి, మిగిలిన భాగాలను తానే అమర్చి ఒక యంత్రాన్ని తయారుచేసుకున్నారు. దాని బరువును తానే వెక్కిరిస్తున్నట్టు దానికి ‘సూపర్ పాండెరోసా’ అని నామకరణం చేశారు. అస్సాం తేయాకు తోటల అధికారి, ప్రసిద్ధ ప్రకృతి పరిశీలకుడు ఇ. పి. గీ ఆ వింత పరికరాన్ని చూసి ముచ్చటపడి, దాని వాలకం మీద హాస్యంగా రాశారు.

చూపులకు ఎలా ఉన్నా ఆ యంత్రం పని గట్టిది. పెద్ద నెగెటివ్ వాడడం వల్ల ఏనుగు చర్మం మీది ముడతలు, చెవి అంచున చిరుగులు, అడవిదున్న వీపు మీది నిగారింపు స్పష్టంగా పడేవి. ఆయన జీవితమంతా నలుపు తెలుపుల్లోనే చిత్రాలు తీశారు. ఆనాటి రంగుల ఫిల్ముకు వెలుతురు ఎక్కువ కావాలి. అడవి నీడల్లో అంత వెలుతురు దొరకదు. రంగు ఫిల్ములు మెరుగుపడిన తరువాత కూడా ఆయన మారలేదు. వెలుగునీడల అంతరాలతోనే జంతువు ఆకారం, బరువు, కదలిక చక్కగా తెలుస్తాయని ఆయన విశ్వాసం.

మాటు కట్టి, ఎర వేసి రప్పించిన జంతువును తీయడం కన్నా, జంతువు తన మానాన తాను ఉన్నప్పుడు తీయడమే ఆయన పద్ధతి. కాలినడకన వెళ్లేవారు. నీలగిరుల పాదాన ఉన్న ముదుమలై వంటి అడవుల్లో పెంపుడు ఏనుగు మీద కూర్చుని తిరిగేవారు. ఏనుగు వీపు మీద ఉన్న మనిషిని అడవి జంతువులు అంతగా శంకించవు. అయితే ఏనుగు ఊపిరి తీసినా వీపు కదులుతుంది. ఆ కదలిక మీద కూర్చుని బరువైన కెమెరాను నిలకడగా పట్టుకోవడం అంత తేలిక కాదు. ఒక్క మంచి చిత్రం కోసం రోజుల తరబడి ఓపిక పట్టవలసి వచ్చేది. చిత్రం అందంగా ఉండడం ఒక్కటే ఆయనకు చాలదు. ఆ జంతువు ఆ క్షణంలో ఏం చేస్తోందో, ఎటువంటి చోట బతుకుతోందో కూడా చిత్రం చెప్పాలి.

మిత్రులు, మావటులు, సంపాదకులు

కృష్ణన్ మాట కరకు అన్న పేరుంది. తప్పు కనిపిస్తే ఎంతటివారినైనా మొహమాటం లేకుండా విమర్శించేవారు. అయినా ఆయన ఒంటరి కాదు. బెంగళూరుకు చెందిన సుప్రసిద్ధ వన్యప్రాణి ఛాయాగ్రాహకుడు టి. ఎన్. ఎ. పెరుమాళ్ ఆయనకు ఆప్తుల్లో ఒకరు. ఇద్దరి దారులు వేరు, పరికరాలు వేరు. అడవి పట్ల గౌరవం మాత్రం ఒక్కటే. తమిళంలో ప్రకృతి రచనకు, చలనచిత్ర చరిత్రకు పేరుగాంచిన థియొడోర్ భాస్కరన్ వంటి తరువాతి తరంవారు ఆయన నుంచి స్ఫూర్తి పొందారు.

అడవిలో ఆయన సహచరులు మావటులు, జాడ పట్టే గిరిజనులు. గాలి ఎటు వీస్తున్నదో, విరిగిన కొమ్మ ఎప్పటిదో, పాదముద్ర ఎంత తాజాదో చెప్పగలిగిన విద్య వారిది. ఏనుగు ముందరికాలి అడుగు చుట్టుకొలతను రెండింతలు చేస్తే దాని భుజం ఎత్తు ఇంచుమించుగా తెలుస్తుందన్న లెక్క అడవి మనుషులకు తరతరాలుగా తెలిసినదే. అటువంటి అనుభవజ్ఞానానికీ శాస్త్రానికీ మధ్య ఆయన గోడ కట్టలేదు.

మద్రాసుకు నైరుతిగా ఉన్న వేడంతాంగల్ చెరువు ఆయనకు ఎంతో ఇష్టమైన చోటు. చెరువు నీటిలో నిలబడిన చెట్ల మీద ఏటా కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు వేల సంఖ్యలో గూళ్లు కడతాయి. పక్షుల రెట్టతో సారవంతమైన నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుంది గనుక ఊరివారు తరతరాలుగా వాటిని కాపాడుతూ వచ్చారు. కృష్ణన్ ఆ పక్షుల రాకపోకలను, గూళ్లను శ్రద్ధగా పరిశీలించి రాశారు. మన నేలపట్టులో గూడబాతులకూ, తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలకూ ఊరివారితో ఉన్న అనుబంధం ఎరిగిన తెలుగువారికి ఆ కథ కొత్తది కాదు. మనిషి పక్కనే వన్యప్రాణి బతకగలదనడానికి ఇటువంటి చెరువులే సాక్ష్యం.

ఏనుగు వెంట పదేళ్లు

1968లో కృష్ణన్‌కు జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ లభించింది. దక్షిణాపథంలోని పెద్ద క్షీరదాల స్థితిగతులను పరిశీలించడం ఆయన ఎంచుకున్న పని. ఏనుగు, అడవిదున్న, కణుజు, దుప్పి, కృష్ణజింక, రేచుకుక్క ఇలా ఒక్కొక్క ప్రాణి ఎక్కడ మిగిలింది, ఏం తింటోంది, ఎలా మందకడుతోంది, దానికి పొంచి ఉన్న ముప్పు ఏమిటి అన్నవి తన చూపుతో నమోదు చేశారు. ఆ పరిశీలన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా వెలువడి, 1975లో ‘ఇండియాస్ వైల్డ్‌లైఫ్ ఇన్ 1959–70’ అనే గ్రంథంగా వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనూ, పులుల పరిరక్షణ పథకం 1973లోనూ వచ్చాయి. అంటే దేశం తన అడవుల లెక్క సరిచూసుకోవడం మొదలుపెట్టే నాటికే ఒక మనిషి కెమెరాతో, నోటుపుస్తకంతో ఆ లెక్కలో కొంత భాగాన్ని రాసి ఉంచారు.

భారత వన్యప్రాణి మండలిలో ఆయన దీర్ఘకాలం సభ్యులు. ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1995లో గ్లోబల్ 500 పురస్కారాన్ని ప్రకటించింది. గౌరవాలు వచ్చినా ఆయన గొంతు మెత్తబడలేదు. అడవుల్లో విదేశీ జాతుల చెట్ల తోటలు పెంచి వాటినీ వనాలుగా లెక్కించడాన్ని ఆయన నిరసించారు. నగరాల్లో రహదారుల వెంట, ఉద్యానాల్లో కేవలం పూల సొగసు కోసం పరదేశపు చెట్లు నాటడం కూడా ఆయనకు సమ్మతం కాదు. ఈ నేలకు అలవాటైన పక్షికీ పురుగుకూ ఈ నేల చెట్టే ఇల్లు, ఆహారం. చెట్టు మారితే దాని మీద ఆధారపడిన బతుకులన్నీ మారిపోతాయి. దేశభక్తి అంటే ఆ దేశపు మట్టిలో పుట్టిన మొక్కనూ మృగాన్నీ కాపాడుకోవడం కూడానని ఆయన నమ్మకం.

జాతీయ పక్షి ఏది కావాలన్న చర్చ సాగుతున్న రోజుల్లో, 1961లో, ఆ విషయం మీదా ఆయన తన శీర్షికలో రాశారు. నెమలితో పాటు బట్టమేక పక్షి, సారస కొంగ, గరుడపక్షి, హంస పేర్లు అప్పట్లో పరిశీలనకు వచ్చాయి. 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. పోటీలో నిలిచిన బట్టమేక పక్షి మన కర్నూలు సీమలోని రోళ్లపాడు గడ్డిమైదానాల్లో ఒకప్పుడు నివసించినదే. నేడు దేశం మొత్తం మీద అది అంతరించిపోయే అంచున ఉంది. బాల్యంలో కృష్ణన్ ఇంటి పరిసరాల్లో తిరిగిన కృష్ణజింక ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మైలాపూరు నుంచి మాత్రం అది ఎన్నడో కనుమరుగైంది.

మిగిలిన పెరడు

కృష్ణన్ కళ్లముందే మద్రాసు మారిపోయింది. తుప్పల బయలు వీధులైంది. నక్కల కూతలు ఆగిపోయాయి. బావులు పూడిపోయి, పెరళ్లు తరిగి, చెట్లున్న చోట మేడలు లేచాయి. అడవి జంతువుల కోసం దూరం పోవలసి వచ్చేకొద్దీ ఆయన ఇంటివద్ద మిగిలిన కొద్దిపాటి ప్రాణుల వైపు మరింత శ్రద్ధగా చూశారు. పోయినదాని గురించి విలపిస్తూ కూర్చోక, ఉన్న ఉడుతనూ గోరింకనూ పాఠకులకు పరిచయం చేస్తూ పోయారు. ఎరిగిన ప్రాణినే మనిషి కాపాడతాడు. పేరు కూడా తెలియనిది పోతే పోయిందన్న సంగతే తెలియదు. అందుకే పక్షం పక్షం ఒక ప్రాణిని పాఠకుడి గడపలో నిలిపే పనిని ఆయన 46 ఏళ్లు విడవలేదు.

మాతృభాషను ఆయన మరవలేదు. తండ్రి ప్రాణం పోయేవరకు వాదించిన తమిళంలో ప్రకృతి వ్యాసాలు రాశారు. ప్రాచీన తమిళ కావ్యాల్లోని చెట్లను, పక్షులను సరిగ్గా గుర్తించడంలో శ్రద్ధ చూపారు. ‘కదిరేశన్ చెట్టియారిన్ కాదల్’ అనే అపరాధ పరిశోధక నవల కూడా రాశారు. అది 1996లో వెలువడింది. ఆయన తమిళ వ్యాసాలను థియొడోర్ భాస్కరన్ సేకరించి 2002లో సంకలనంగా తెచ్చారు. ఆంగ్ల వ్యాసాలను చరిత్రకారుడు రామచంద్ర గుహ ఏర్చికూర్చి 2000లో ‘నేచర్స్ స్పోక్స్‌మన్’ పేరుతో ప్రచురించారు. పెరుమాళ్, చందోలా దంపతులు కలిసి సంకలనం చేసిన ఆయన ఛాయాచిత్రాల, రచనల గ్రంథం ‘ఐ ఇన్ ద జంగిల్’ 2006లో హైదరాబాదుకు చెందిన యూనివర్సిటీస్ ప్రెస్ ద్వారా వెలువడింది. మిత్రుడు పోయిన పదేళ్లకు మిత్రులే ఆయన చిత్రాలను వరుసపెట్టి లోకానికి అందించడం ఆ స్నేహానికి తగిన నివాళి.

ఈనాడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. క్షణంలో వంద చిత్రాలు తీయవచ్చు. ఫిల్ము ఖర్చు లేదు, మోత బరువు లేదు. సెలవు రోజుల్లో మిత్రులు జట్లుగా చెరువు గట్లకు వెళ్లి పక్షులను లెక్కించడం తెలుగు పట్టణాల్లోనూ అలవాటవుతోంది. కృష్ణన్ నాటి అతుకుల పెట్టెతో పోలిస్తే వారి చేతిలోని పరికరాలు ఎంతో గొప్పవి. ఆయనకు ఉండి మనకు కరువవుతున్నవి రెండే. ఒకటి నిదానంగా చూసే ఓపిక, రెండోది చూడడానికి మిగిలిన పెరడు. మొదటిది అలవరచుకోవడం ఎవరికి వారే చేయగల పని. రెండోది ఊరంతా కలిసి నిలుపుకోవలసినది.

పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయాలనుకునే తల్లిదండ్రులకు కృష్ణన్ జీవితం దగ్గరి దారి చూపుతుంది. అభయారణ్యానికి ప్రయాణం కట్టేలోగా ఇంటి గోడ మీది తొండను, మునగచెట్టు మీది ఉడుతను, కిటికీ అంచున వాలే పిచ్చుకను చూపవచ్చు. మైలాపూరు పెరట్లో ముంగిసతో ఆడుకున్న పదకొండేళ్ల పిల్లవాడు ఆ దారినే నడిచి ఏనుగుల అడవి దాకా వెళ్లాడు. అడవి నుంచి తిరిగివచ్చిన ప్రతిసారీ ఆ పెరటికే చేరాడు.